ద్రాక్షతోటల మధ్య సైకిల్: ఆ అందానికి బిల్లు ఎవరు కడుతున్నారు?

దక్షిణ ఫ్రాన్స్‌లో సైకిల్ తొక్కి వచ్చినవాళ్ళు పెట్టే పోస్టులు ఎప్పుడైనా చూశారా? అన్నీ అచ్చు గుద్దినట్టే ఉంటాయి. మెలికలు తిరిగే రోడ్డు, అటూ ఇటూ ద్రాక్షతోటలు, కింద ఆకుపచ్చగా ఒక నది, వెనకాల తెల్లటి సున్నపురాయి కొండ, ముందు గోడకి ఆనించిన లక్షల ఖరీదు సైకిలు. కింద రెండే మాటలు: ప్రకృతి, ప్రశాంతత. నా పేచీ ఈ రెండు మాటలతోనే. అక్కడ కనిపించేదాంట్లో ప్రకృతి వాటా మనం అనుకునేదానికన్నా చాలా తక్కువ. ప్రశాంతత అయితే ఎవరో చట్టం చేసి, ఇంకెవరో ఓపిక పట్టి మనకి ఇస్తున్నది. రెండిటినీ దేవుడిచ్చిన వరంలా రాసేసి, హోటల్లో కడుపునిండా తిని బిల్లు కట్టకుండా లేచి వచ్చినట్టు వచ్చేస్తున్నాం.

ఈ మాట గాల్లోంచి తీసి అనడం లేదు. 2025 మార్చి నుంచి ఆగస్టు దాకా మోంపెలియేలో ఒక ల్యాబ్‌లో ఇంటర్న్‌షిప్ చేశాను. రెండో నెల స్టైపెండ్ మిగిల్చి ఒక సెకండ్ హ్యాండ్ రోడ్ బైక్ కొన్నాను. అల్యూమినియం ఫ్రేము, సన్న టైర్లు, వంకీ హ్యాండిలు, బ్రేకు వేస్తే పిల్లిలా అరిచేది. శని ఆదివారాలు దాని మీదే. నేను తిరిగింది ఒక్క జిల్లా, అందులోనూ ఒక్క నది చుట్టుపక్కల. కాబట్టి మొత్తం మధ్యధరా తీరం గురించి తీర్పు చెప్పను. ఆ ఒక్క లోయ గురించి చెప్తాను.

నది పేరు ఎరో. అక్షరాలు చూసి చదివితే హెరాల్ట్ అని వస్తుంది. ఫ్రెంచివాళ్ళు రాసినదంతా పలకరు, ఆ సంగతి మనకెందుకు. సెవెన్ కొండల్లో ఏగ్వాల్ అనే శిఖరం దగ్గర పుట్టి, 148 కిలోమీటర్లు పారి, ఆగ్ద్ అనే ఊరి దగ్గర సముద్రంలో కలుస్తుంది. మన గోదావరి ముందు అది పిల్లకాలువ. కానీ సున్నపురాయిని కోసుకుంటూ వచ్చిన నది కాబట్టి మధ్యలో లోతైన గండి ఉంది. ఆ గండి దాటి బయటపడ్డాక మైదానం, మైదానం నిండా ద్రాక్ష.

మోంపెలియే నుంచి అనియాన్ అనే ఊరికి ముప్ఫై కిలోమీటర్ల పైచిలుకు. అక్కడ నది మీద పాత రాతి వంతెన ఒకటి ఉంది, పేరు దయ్యం వంతెన. పదకొండో శతాబ్దం మొదట్లో రెండు మఠాల సన్యాసులు కలిసి కట్టించింది, ఇప్పటికీ నిలబడి ఉంది. (మన సివిల్ బ్రాంచి వాళ్ళు ఇక్కడ ఒక నిమిషం మౌనం పాటించవచ్చు.) అక్కడి నుంచి గండిలోకి వెళ్ళే రోడ్డు దాదాపు చదునుగా ఉంటుంది. ఎందుకంటే నది వేల ఏళ్ళ పాటు తక్కువ వాలు వెతుక్కుంటూ చేసిన సర్వేని రోడ్డు ఊరికే కాపీ కొట్టింది. కారులో వెళ్ళేవాడికి ఇది తెలియదు. సైకిల్ మీద మోకాలు చెప్తుంది. నదిని విడిచి పైకి తిరిగిన క్షణం నుంచి లెక్క మారుతుంది. మనిషీ సైకిలూ కలిపి 80 కిలోలు, వాలు 6 శాతం, వేగం గంటకి 10 కిలోమీటర్లు అనుకోండి. గాలి, రాపిడి పక్కన పెట్టినా ఎక్కడానికే 130 వాట్లు కావాలి. అంటే రెండు సీలింగ్ ఫ్యాన్లని కాళ్ళతో తిప్పుతున్నట్టు. పది నిమిషాలు కాదు, కొండ అయిపోయేదాకా.

అందుకే నాకు సైకిలంటే గౌరవం. అది భూమి ఆకారాన్ని ఒంటికి చెప్తుంది. ఊరు ఎందుకు అక్కడే ఉంది, తోట ఎందుకు ఇక్కడితో ఆగిపోయింది, పైన ఎందుకు ముళ్ళపొదలు, కింద ఎందుకు తోటలు అన్నది గేరు మార్చిన చోటల్లా అర్థమవుతుంది. నది తెచ్చి పోసిన గులకరాళ్ళ నేల దాకా ద్రాక్ష. సున్నపురాయి బయటపడిన చోట నుంచి గారిగ్ అని పిలిచే పొదల అడవి. అందులో థైమ్, రోజ్‌మేరీ, పొట్టి ఓక్ చెట్లు. ఎండాకాలం మధ్యాహ్నం ఆ వాసన, కీచురాళ్ళ రొద, వేడి కలిసి తల తిరుగుతుంది.

ఇక తోటల సంగతి. మనవైపు ద్రాక్ష అంటే పందిరి. హైదరాబాద్ చుట్టూ ఒకప్పుడు అనాబ్-ఎ-షాహీ పందిళ్ళు ఎన్ని ఉండేవో ఇంట్లో పెద్దవాళ్ళని అడగండి. వాటిలో చాలా వరకు ఇప్పుడు ప్లాట్లు. అక్కడ పాత తోటల్లో పందిరీ లేదు, తీగా లేదు. మోకాలి ఎత్తు మొద్దు, దాని మీంచి నాలుగైదు కొమ్మలు పైకి, దూరం నుంచి చూస్తే బాగా ముదిరిన వంకాయ మొక్కల్లా ఉంటాయి. కారిన్యాన్, గ్రెనాష్ అనే రకాలు. ఎండ, గాలి తట్టుకోవడానికి అలా కత్తిరిస్తారు. కొత్త తోటల్లో మాత్రం ఇనుప తీగల మీద వరుసలు, మధ్యలోంచి యంత్రం పోవడానికి.

ఈ మొక్కలు రోమన్ల కాలం నుంచి ఇలాగే ఉన్నాయని టూరిస్టు కరపత్రం అంటుంది. ద్రాక్ష సాగు అంత పాతదే. మొక్క కాదు. 1860లలో అమెరికా నుంచి వచ్చిన ఫిలోక్సెరా అనే పేనులాంటి పురుగు ఫ్రాన్స్ తోటల వేళ్ళు పీల్చి చంపేసింది. చంపుతున్నది ఈ పురుగేనని 1868లో పట్టుకున్నవాళ్ళలో ముఖ్యుడు మోంపెలియే ప్రొఫెసర్ ప్లాంషాన్. రైల్వే స్టేషన్ ఎదురుగా ఉన్న చిన్న పార్కులో ఆయన విగ్రహం ఉంది. మందు ఏమిటంటే, ఆ పురుగుకి అలవాటు పడ్డ అమెరికా ద్రాక్ష వేరు మీద ఫ్రెంచి కొమ్మని అంటు కట్టడం. అంటే మీరు ఫోటో తీసే ఆ సనాతన ఫ్రెంచి తోటలో నేల పైన ఉన్నది ఫ్రాన్సు, నేల కింద ఉన్నది అమెరికా. అంటు కట్టింది మనుషులు, ఒక్కో మొక్కకీ, కోట్ల మొక్కలకి. దీన్ని ప్రకృతి అనడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అక్కడితో కష్టం తీరలేదు. తోటలు లేచాయి, రైళ్ళు వచ్చాయి, చవక వైన్ విపరీతంగా పండింది, దానికి తోడు చక్కెర నీళ్ళతో చేసిన కల్తీ సరుకు. ధర పడిపోయింది. 1907లో మార్సెలాన్ ఆల్బేర్ అనే చిన్న రైతు ముందుండి నడిపిన ఉద్యమంలో జూన్ 9న ఒక్క మోంపెలియేలోనే ఐదు లక్షల మంది చేరారని అంచనా. అప్పటి జనాభాతో పోల్చుకుంటే ఆ సంఖ్య ఎంతో ఆలోచించండి. ప్రభుత్వం సైన్యాన్ని దింపింది. నార్బోన్‌లో కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. అది విని, ఆగ్ద్‌లో ఉన్న పదిహేడో పదాతి దళం సైనికులు (వాళ్ళూ ఈ ద్రాక్ష ఊళ్ళ పిల్లలే) తుపాకులతో సహా తిరగబడి బేజియేకి నడిచి వెళ్ళారు. ఆగ్ద్ అంటే గుర్తుందిగా, మన ఎరో సముద్రంలో కలిసే చోటు. ఆ నెలాఖరుకే కల్తీకి వ్యతిరేకంగా చట్టం వచ్చింది.

ఏ పల్లెలోకి వెళ్ళినా ఊరి మొగదల రైల్వే గోడౌన్‌లాంటి పెద్ద పాత భవనం కనిపిస్తుంది. అది ఊరి సహకార వైన్ కేంద్రం. ఇలాంటివాటిలో మొదటిది 1901లో బేజియే దగ్గర మారోసాన్ అనే ఊళ్ళో పెట్టారు. సొంతంగా రసం తీసే స్తోమత లేని రైతులు పండు తెచ్చి పోస్తే, అందరిదీ కలిపి వైన్ చేసి అమ్మి డబ్బులు పంచుతారు. మన పాల కేంద్రం లెక్కే, కాకపోతే పాలకి బదులు ద్రాక్ష. సైకిల్ తొక్కేవాళ్ళు ఆ భవనం ముందు ఆగి నీళ్ళ సీసా నింపుకుంటారు. దాని చరిత్ర బోర్డు మీద ఉంటుంది, చదివేవాడు తక్కువ.

ఇప్పుడు ప్రశాంతత. మన రోడ్డు మీద తొక్కినవాడు అక్కడ తొక్కితే మొదటి రోజు అనుమానం వస్తుంది, వెనక కారువాడు హారన్ ఎందుకు కొట్టడం లేదు, నన్ను ఎందుకు ఫాలో అవుతున్నాడు అని. ఫాలో కాదు, దాటడానికి చోటు కోసం చూస్తున్నాడు. ఊరి బయట సైకిల్‌ని దాటాలంటే మీటరున్నర ఎడం వదలాలి, ఊళ్ళో అయితే మీటరు. వదలకపోతే 135 యూరోల జరిమానా. 2015 నుంచి, ఎదురు వాహనం లేకపోతే, సైకిల్‌ని దాటడానికి రోడ్డు మధ్య తెల్ల గీత తొక్కవచ్చని కూడా నియమం మార్చారు. అంటే చట్టం రాసినవాళ్ళు కూర్చుని ఇరుకు రోడ్డు, వెనక కారు, ముందు సైకిలు అన్న బొమ్మ గీసుకుని మరీ ఆలోచించారన్నమాట. అందరూ పాటిస్తారని కాదు. జూలై నెలలో దయ్యం వంతెన దగ్గర ఈతకొచ్చే కార్ల వరుస చూస్తే మన సంక్రాంతి టోల్‌గేటు గుర్తొస్తుంది, అక్కడ ఎవరికీ ఓపిక ఉండదు. అయినా మామూలు రోజున ఆ రోడ్డు మీద నాకు దొరికిన నెమ్మది కొండ ఇచ్చింది కాదు, గవర్నమెంటు గెజెట్ ఇచ్చింది.

గాలి ఒక్కటే అక్కడ నిజమైన ప్రకృతి, అది ప్రశాంతం కాదు. వాయవ్యం నుంచి త్రమోంతాన్, ఉత్తరం నుంచి మిస్త్రాల్. మీరు గంటకి 25 కిలోమీటర్ల వేగంతో పోతుండగా అంతే వేగంతో ఎదురుగాలి వస్తే గాలి నెట్టే బలం నాలుగింతలవుతుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ మిడ్ పరీక్షలో రాసిన సూత్రమే, తొడలతో రాస్తే ఇంకా బాగా గుర్తుంటుంది. 2016 టూర్ ద ఫ్రాన్స్‌లో మోంపెలియే స్టేజిలో పక్కగాలికి గుంపు చీలికలు చీలికలైతే సగాన్, ఫ్రూమ్ ముందుకు దూకేశారు. మర్నాడు మోఁ వాంతూ కొండ మీద గాలి మరీ ఎక్కువగా ఉందని ఫినిష్ గీతనే శిఖరం నుంచి కిందికి దించేశారు. ఫ్రూమ్ సైకిల్ విరిగి రోడ్డు మీద పరుగెత్తిన వీడియో చాలామంది చూసే ఉంటారు, అది ఆ రోజే.

సరే, బిల్లు సంగతికి వద్దాం. అనియాన్ ఊరికే రెండు కథలున్నాయి, పక్కపక్కన పెట్టి చూడాలి.

మొదటిది. 2000 సంవత్సరంలో కాలిఫోర్నియాకి చెందిన మోండావి వైన్ కంపెనీ ఈ ఊరి పైన ఆర్బుసాస్ అనే కొండ మీద, ఊరి ఉమ్మడి అడవిలో, పెద్ద తోట వేస్తానని వచ్చింది. అప్పటి మేయరు సరేనన్నాడు. ఊళ్ళో వేటగాళ్ళు, అడవిని ప్రేమించేవాళ్ళు, కొంతమంది రైతులు, అదే ఊళ్ళో పేరున్న దోమా గసాక్ తోట యజమాని ఎమే గిబేర్, అందరూ ఎదురు తిరిగారు. 2001 మార్చిలో మునిసిపల్ ఎన్నికలు వచ్చాయి. ప్రాజెక్టు వద్దన్న కమ్యూనిస్టు అభ్యర్థి మేయరయ్యాడు, కంపెనీ వెనక్కి వెళ్ళిపోయింది. 2004లో వచ్చిన మోండోవినో అనే డాక్యుమెంటరీలో ఈ గొడవంతా ఉంది. ఎవరిది రైటు అని అక్కడ ఇప్పటికీ వాదిస్తారు. నాకు నచ్చింది తీర్పు కాదు, పద్ధతి. కొండ మీద తోట ఉండాలా అడవి ఉండాలా అన్నది ఒక ఊరి ఓటుతో తేలింది.

రెండో కథ దాదాపు పాతికేళ్ళ తర్వాతది. 1960లలో ఫ్రాన్సులో సగటు మనిషి ఏడాదికి వంద లీటర్లకి పైన వైన్ తాగేవాడు. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. కొనేవాడు తగ్గితే తోట ఏం చేసుకోవాలి? 2024లో ప్రభుత్వం 120 మిలియన్ యూరోలు కేటాయించి, తోట పీకేసినవాళ్ళకి హెక్టారుకి 4,000 యూరోలు ఇస్తానంది. పాతిక వేల హెక్టార్లకి పైగా దరఖాస్తులు వచ్చాయి. ఒకప్పుడు తోట వేస్తానంటే ఊరు వద్దంది, ఇప్పుడు తోట తీసేయమని దేశం డబ్బులిస్తోంది.

ఏప్రిల్‌లో, క్లెర్మోఁ లెరో వైపు వెళ్ళే ఒక చిన్న రోడ్డు పక్కన, పీకేసిన ద్రాక్ష మొద్దులు మనిషెత్తు కుప్పగా పోసి ఉన్నాయి. వేళ్ళు పైకి, కొమ్మలు కిందికి. పక్కన ట్రాక్టరు దగ్గర అరవై దాటిన రైతు ఒకాయన ఉన్నాడు. నా అరకొర ఫ్రెంచిలో పలకరించాను. తాతగారు నాటిన కారిన్యాన్ అట. "సహకార కేంద్రం ఇచ్చే డబ్బు కోత కూలికీ డీజిలుకీ సరిపోతుంది, నాకేం మిగలదు. మా అబ్బాయి తులూజ్‌లో ఉద్యోగం చూసుకున్నాడు," అన్నాడు. కాసేపు ఆగి నా హ్యాండిలు మీదున్న ఫోను చూసి, "మీ సైకిలు వాళ్ళు ఇక్కడ చాలా ఫోటోలు తీస్తారు. దీన్ని తీస్తారా?" అని కుప్ప వైపు చెయ్యి చూపించాడు. ఎగతాళి లేదు, మామూలుగానే అడిగాడు. తీశాను. ఈ వ్యాసంతో పాటు వేయమని ఎడిటర్లకి ఇచ్చాను, ఫైలు సైజు అడ్డం రాకపోతే వేస్తారు.

పీకేసిన చోట ఏమవుతుంది? ముందు గడ్డి, తర్వాత పొదలు, తర్వాత పైన్ మొక్కలు. ప్రకృతి తిరిగొచ్చింది అని చప్పట్లు కొట్టవచ్చు. కానీ అది మధ్యధరా ప్రాంతం, ఎండాకాలంలో వాన చాలా తక్కువ. దున్ని శుభ్రంగా ఉంచిన ద్రాక్షతోట మంటని ఆపే అడ్డుకట్ట. ఎండిన పొద మంటకి మేత. 2025 ఆగస్టు 5న పక్క జిల్లా ఓద్‌లో, కోర్బియేర్ కొండల్లో అంటుకున్న మంట ప్యారిస్ నగరం కన్నా పెద్ద విస్తీర్ణం చుట్టేసింది. ఇళ్ళు కాలాయి, ఒక ప్రాణం పోయింది. తోటలు తీసేయడం వల్లే మంటకి దారి దొరికిందని ఆ ఊళ్ళ మేయర్లు, రైతులు టీవీల ముందు చెప్పారు. తోటలు తీసేయడమే ఏకైక కారణం అని నేను అనను. ఎండ, గాలి, కరవు అన్నీ ఉన్నాయి. 2019 జూన్ 28న మా జిల్లాలోనే వెరార్గ్ అనే ఊళ్ళో 46 డిగ్రీలు నమోదైంది, ఫ్రాన్స్ చరిత్రలో అదే రికార్డు. ఆ రోజు ద్రాక్ష ఆకులు నిప్పు తగిలినట్టు మాడిపోయాయి. కానీ ల్యాబ్‌లో మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆగస్టు మొదటి వారమంతా ఒకటే మాట, ఇప్పుడు మన కొండల వంతు ఎప్పుడు అని.

అందుకే అంటున్నాను, ఆ లోయ అందం వైన్ అమ్మకం మీద నడుస్తున్న ఉపఉత్పత్తి. దాన్ని ఉచితంగా అనుభవిస్తున్నది సైకిల్ వాళ్ళం. తోట గట్టు మీద గోడ పడిపోతే రాయి పేర్చేది రైతు, ఆ గోడకి సైకిల్ ఆనించి ఫోటో తీసేది మనం.

సలగూ సరస్సు గురించి కూడా ఒక మాట చెప్పాలి, ఎందుకంటే రోడ్ బైక్ వాళ్ళందరి ఫోటోల్లో అదే ఎక్కువ. ఎర్రమట్టి, నీలం నీళ్ళు, అంగారక గ్రహం మీద సైకిల్ తొక్కినట్టుంటుంది. అది సహజ సరస్సు కాదు. ద్రాక్ష ఒక్కటే నమ్ముకుంటే లాభం లేదు, నీళ్ళిచ్చి పండ్ల తోటలు వేయిద్దామని 1960లలో ఆనకట్ట కట్టారు. సెల్ అనే ఊరు మునుగుతుందని లెక్క వేసి, భూములూ ఇళ్ళూ తీసుకుని జనాన్ని పంపేశారు. 1969లో నీళ్ళు నింపారు. నీళ్ళు వచ్చి ఊరి కాళ్ళ దగ్గర ఆగిపోయాయి. ఆనకట్ట రెండో దశ ఎత్తు ఎప్పటికీ నింపనే లేదు. పండ్ల తోటల పథకం కూడా అనుకున్నట్టు సాగలేదు. ఊరు మునగలేదు, మనుషులు మాత్రం లేరు. ఇళ్ళ కప్పులు కూలాయి, చర్చి నిలబడింది. ఇప్పుడిప్పుడే కొత్త కుటుంబాలని తెచ్చి పెట్టే ప్రయత్నం జరుగుతోంది.

శ్రీశైలం ముంపు ఊళ్ళ పేర్లు ఇంట్లో విని పెరిగినవాళ్ళు మన క్లాసులో ఉన్నారు. వాళ్ళకి ఆ గట్టు మీద నిలబడితే ఏమనిపిస్తుందో నేను రాయక్కర్లేదు. అక్కడ ఆగిన ఇరవై నిమిషాల్లో నాలుగు సైకిల్ గుంపులు వచ్చి ఫోటోలు తీసుకుని వెళ్ళాయి. ఊరు ఎందుకు ఖాళీగా ఉందని ఒక్కరూ అడగలేదు. వాళ్ళని తప్పుపట్టడం లేదు, పక్కన పెట్టిన బోర్డు ఫ్రెంచిలో ఉంది, ఎండ మండిపోతోంది. కానీ మన భాషలో ఆ సరస్సు గురించి రాసేవాడు ఈ ఒక్క విషయం రాయకపోతే ఇంకేం రాసినట్టు?

నాకు ఎదురయ్యే ప్రశ్నలు నాకు తెలుసు. హాస్టల్లో అప్పుడే రెండు వచ్చాయి.

ఒకటి: "జనం తాగడం తగ్గిస్తే మంచిదేగా, వైన్ తోటలు పోతే నీకేంటి బాధ?" తగ్గడం మంచిదే. నేను తాగను, అక్కడ ఉన్నన్నాళ్ళూ కూడా తాగలేదు, దానివల్ల రైతుల ఇళ్ళలో కాస్త వింతగా చూశారు అంతే. ద్రాక్షతోట పవిత్రమైనదని కూడా నేను అనడం లేదు. మే నెలలో పొద్దున్నే లోయంతా గంధకం వాసన, పురుగు మందులు, మైళ్ళ తరబడి ఒకే పంట. ఇవన్నీ ఉన్నాయి. నా బాధ వేరు. ఒక మంచి మార్పు జరిగినప్పుడు దాని ఖర్చు మొత్తం అరవై దాటిన ఒక రైతు మీద, ఒక ఖాళీ పల్లె మీద పడుతోంది. ఆ తోటని చూసి ఆనందించిన లక్షల మందిలో ఎవరి మీదా పైసా పడటం లేదు.

రెండోది: "రోడ్ సైక్లింగ్ డబ్బున్నోళ్ళ సరదా, దాని మీద ఇంత వ్యాసమా?" సైకిల్ ఖరీదు సంగతి నిజమే. నాది పాత బండి కాబట్టి నన్ను చూసి దాటిపోయిన కార్బన్ ఫ్రేములెన్నో. కానీ సరదా ఎవరిదైనా దానికి వాడుకునే నేల ఎవరిదో ఒకరిది. డబ్బున్నవాళ్ళ సరదా అయితే అడగడం ఇంకా సులువు.

ఏం అడగాలి అంటే, నా మనసులో ఉన్నవి చిన్నవే. ఫ్రాన్సులో ఊళ్ళో రాత్రి బస చేసినవాళ్ళ దగ్గర తలకింత అని పర్యాటక పన్ను ఇప్పటికే వసూలు చేస్తున్నారు. అందులో కొంత భాగం, అమ్మకానికి గిట్టకపోయినా మంటకి అడ్డుగా ఉన్న తోటల్ని దున్ని ఉంచే రైతుకి కూలిగా ఇవ్వాలి. వైన్ కోసం కాదు, అడ్డుకట్ట కోసం. రాతి గోడల బాగుకి కూడా అందులోంచే. పగలు వచ్చి పగలే పోయే నాలాంటివాళ్ళు ఈ పన్ను కట్టరు కాబట్టి, మేం కనీసం ఊళ్ళో కొనాలి. జేబులో ఎనర్జీ జెల్ ప్యాకెట్లు నింపుకొచ్చి, పల్లె పంపు దగ్గర నీళ్ళు పట్టుకుని, ఆ ఊళ్ళో ఒక్క యూరో పెట్టకుండా వంద కిలోమీటర్లు పూర్తి చేశానని గొప్పగా చెప్పుకునేవాళ్ళని చూశాను. సహకార కేంద్రంలో ద్రాక్షరసం అమ్ముతారు, ఆలివ్ నూనె అమ్ముతారు, జూన్‌లో రోడ్డు పక్క ఆప్రికాట్లు అమ్ముతారు. సాన్ జాన్ ద ఫోస్ అనే ఊళ్ళో ఆకుపచ్చ మెరుపు పూత వేసిన కుండలు చేస్తారు. కుండ మాత్రం సైకిల్ మీద తేవడం కష్టం, ఒప్పుకుంటాను.

అందం ఊరిది కాకుండా పోతే ఏమవుతుందో చెప్పడానికి ఆ లోయలోనే ఒక ఉదాహరణ ఉంది. గండిలో సాన్ గియెమ్ అనే చిన్న ఊరు, 804లో పెట్టిన మఠం. ఫ్రెంచి విప్లవం తర్వాత మఠం చేతులు మారింది, లోపలి మండపం స్తంభాలు ఊడిపోయాయి. వాటిలో కొన్ని అనియాన్‌లో ఒక న్యాయాధికారి తోటలో ద్రాక్షపందిరికి రాటలుగా నిలబడ్డాయి. తర్వాత ఒక అమెరికన్ శిల్పి కొనుక్కుని వెళ్ళాడు. ఇప్పుడవి న్యూయార్క్‌లో క్లోయిస్టర్స్ మ్యూజియంలో ఉన్నాయి. సాన్ గియెమ్‌లో మండపం ఉండాల్సిన చోట ఖాళీ ఎక్కువ, టికెట్ కొని చూడాల్సిన రాళ్ళు సముద్రం అవతల.

మన సైక్లింగ్ క్లబ్ వాళ్ళకి కూడా ఒక మాట. వచ్చే డిసెంబరులో అనంతగిరి రైడ్ అని పోస్టర్ చూశాను. డ్రోన్ బుక్ చేశారట. చెయ్యండి, తప్పులేదు. దాంతో పాటు దారిలో పడే ఊళ్ళ పేర్లు, ఏ ఊళ్ళో ఏం పండుతుంది, ఎక్కడ టీ తాగాం, ఎవరి పొలం గట్టున ఆగాం అన్నది ఒక పేజీ రాసి ఈ పత్రికకి ఇవ్వండి. హైవే మీద మాల్‌లో కాకుండా ఆ ఊళ్ళలోనే టిఫిన్ చెయ్యండి. వెనక కారువాడు మీటరున్నర వదలడు కాబట్టి ఎర్ర లైటు పెట్టుకోండి, ఒకరి వెనక ఒకరు వెళ్ళండి.

ఆ రైతు మొత్తం ఐదు ముక్కల తోటలో మూడు తీసేశాడు. నది పక్కన ఉన్న రెండూ ఉంచుకున్నాడు, అక్కడ నేల మంచిదట. వచ్చే రెండేళ్ళు చూసి చెప్తానన్నాడు. నా లెక్క తప్పు అనుకునేవాళ్ళు, ముఖ్యంగా ఎకనామిక్స్ ఎలెక్టివ్ తీసుకున్నవాళ్ళు, వచ్చే సంచికకి రాయండి. చివరి తేదీ ఎడిటర్లు గ్రూపులో పెడతారు.